‘ఊరికే చూసొస్తాం’: అడవి విహారంపై అపోహలు

వానలు పట్టగానే వరంగల్ నుంచి కార్లూ బైకులూ అడవి దారి పడతాయి. భీముని పాదం, లక్నవరం, తాడ్వాయి, బొగత. మహబూబాబాద్ జిల్లా గంగారం మండలం ఈ దారుల నడుమే ఉంది. ఒక పక్క పాకాల, మరో పక్క ఏటూరునాగారం అభయారణ్యాలు. ఇక్కడి కోయ గూడేలకు అడవి ఇల్లూ వాకిలీ. వచ్చేవాళ్లకు అది ఒక ఆదివారం.

అపోహ: సర్కారు అడవే కదా, ఎవరైనా ఎప్పుడైనా వెళ్లొచ్చు.

వాస్తవం: అభయారణ్యంలోకి ఎవరు వెళ్లొచ్చో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ చెబుతుంది. లోపల భూమి మీద హక్కున్నవాళ్లకూ, రహదారి వెంట సాగిపోయేవాళ్లకూ అడ్డు లేదు. పర్యటనకైనా, ఫొటోలకైనా, పరిశోధనకైనా 28వ సెక్షన్ కింద పర్మిట్ కావాలి. రోడ్డు మీద పోతున్నంతసేపు ఒక లెక్క, బండి ఆపి చెట్లలోకి దిగితే ఇంకో లెక్క. టికెట్ కౌంటర్ కనబడకపోతే అనుమతే అక్కర్లేదనుకోవడం మనకు అలవాటైపోయింది.

అపోహ: ఊరికే నడిచొస్తే అడవికేం నష్టం?

వాస్తవం: అన్నిటికన్నా మొండి అపోహ ఇదే, ఎందుకంటే మంచివాళ్లు నమ్మేది ఇదే. మన విహారాలు జంతువులను ఏం చేస్తాయన్న దానిపై వచ్చిన 274 పరిశోధన వ్యాసాలను 2016లో లార్సన్ బృందం జల్లెడ పట్టింది. 93 శాతం వ్యాసాల్లో ఏదో ఒక ప్రభావం తేలింది, అందులో చెడే ఎక్కువ. పైగా మోటారు బళ్ల విహారం కంటే, బండి లేని విహారంలోనే చెడుకు ఎక్కువ ఆధారాలు దొరికాయి. 2018లో గేనర్ బృందం 62 జాతుల క్షీరదాలపై జరిగిన 76 అధ్యయనాలను కలిపి చూసింది. మనిషి అలికిడి పెరిగిన చోట, పగలూ రాత్రీ సమంగా తిరిగే జంతువు తన తిరుగుడులో రాత్రి వాటాను 68 శాతం దాకా పెంచేసుకుంటుంది. వచ్చింది వేటగాడా, కెమెరావాడా అని అది పెద్దగా తేడా చూపదు.

ఇక గంగారం సంగతికొద్దాం. ఎండాకాలం మొదట్లో ఇప్పపూలు ఏరడానికి గూడెం ఆడవాళ్లు చీకటితోనే లేస్తారు. ఎలుగుబంటికీ ఆ పువ్వంటే ప్రాణమే. పగలు మనం బెదరగొట్టిన జంతువు తెల్లవారుజామున ఎదురుపడేది మనకు కాదు, వాళ్లకు. ఈ అడవిలో విహారం మీద పరిశోధన మొదలుపెట్టాల్సిన చోటు ఇప్పచెట్టు కిందే అని నా అభిప్రాయం.

అపోహ: రోజుకు ఇంతమందే అని గీత గీస్తే చాలు.

వాస్తవం: ‘ఈ అడవికి ఎందరు పడతారు?’ అన్న ప్రశ్నకు ఒక్క అంకెలో జవాబుండదని 1964లోనే అమెరికాలో పరిశోధకుడు అలన్ వాగర్ రాశాడు. ఎలాంటి అడవి కావాలో ముందు తేల్చుకుంటే గానీ లెక్క కుదరదు. తర్వాత డేవిడ్ కోల్ తొక్కిడి ప్రయోగాలు ఇంకో సంగతి చూపించాయి: మొక్కలకు పెద్ద దెబ్బ మొదటి కొద్దిపాటి తొక్కిడితోనే తగులుతుంది. నలిగిన బాట మీద వందమంది పోయినా ఫర్వాలేదేమో, సెల్ఫీ కోసం పదిమంది పది దిక్కులకు చీలితేనే చేటు.

అపోహ: టూరిస్టులొస్తే ఊరికి కొలువులొస్తాయి.

వాస్తవం: పరిశోధకులు కృతి కారంత్, రూత్ డిఫ్రీస్ 2011లో దేశంలోని 10 రక్షిత అడవులను పరిశీలించారు. అప్పటికి సందర్శకులు ఏటా సగటున 15 శాతం పెరుగుతూ వచ్చారు. 10 కిలోమీటర్ల లోపు జనంలో టూరిజం నేరుగా కొలువిచ్చింది 0.001 శాతం కంటే తక్కువమందికి. అంటే లక్షకు ఒక్కరు కూడా కాదు.

అపోహ: ఇక్కడ ఎండ కాస్తోంది, వాగు రాదు.

వాస్తవం: వాగుకు గుట్ట మీద పడిన వానతోనే పని. 2023 జూలై 26న ములుగు జిల్లా వీరభద్రవరం దగ్గర ముత్యాలధార చూడబోయిన దాదాపు 80 మందికి తిరుగుదారిలో వాగు అడ్డొచ్చింది. చీకటి అడవిలో చిక్కుకుపోయిన వాళ్లను ఎన్డీఆర్ఎఫ్ సిబ్బంది తెల్లవారుజామున దాటించారు. ఆ పొద్దున లెక్క చూస్తే, అదే జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన.