వైరస్ లేని చోట హెచ్చరిక ఎందుకు?

రొమ్ము ఎముక వెనుక, గుండెకు కాస్త పైన థైమస్ గ్రంథి ఉంటుంది. ఎముక మజ్జలో పుట్టిన కణాలు ఇక్కడికి వచ్చి టి-కణాలుగా తయారవుతాయి. సొంత శరీరంపైనే తిరగబడే కణాలు చాలావరకు ఇక్కడే చనిపోతాయి.

ఇక ఇంటర్‌ఫెరాన్. 1957లో ఐజాక్స్, లిండెన్‌మన్ కనుగొన్నారు. వైరస్ సోకిన కణం ఇరుగుపొరుగు కణాలకు పంపే హెచ్చరిక ఇది. అది అందిన కణాల్లో వందలాది జన్యువులు మేల్కొంటాయి, మామూలు రోజుల్లో పెద్దగా కనిపించని ప్రోటీన్లు తయారవుతాయి.

విచిత్రం ఏమిటంటే, ఏ వైరస్సూ లేకపోయినా థైమస్‌లో ఇంటర్‌ఫెరాన్ కొద్దికొద్దిగా తయారవుతూనే ఉంటుంది! ఎందుకు? జబ్బు చేసినప్పుడు మన కణాల రూపు మారుతుంది కదా. ఆ రూపును ఎన్నడూ చూడని టి-కణం వాటిని పరాయివనుకొని దాడి చేయవచ్చు. అందుకే థైమస్ ఆ రూపును కూడా ముందే చూపిస్తుందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

ఈ శిక్షణకు కీలకమైన ‘ఎయిర్’ జన్యువు దెబ్బతిన్నవారిలో చాలామందికి ఇంటర్‌ఫెరాన్‌కే వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు పుడతాయి. 2020లో కోవిడ్‌తో ప్రాణాపాయ స్థితికి చేరినవారిని పరీక్షిస్తే, కనీసం 10 శాతం మందిలో అలాంటి ప్రతిరక్షకాలే కనిపించాయి. వారి కణాలు హెచ్చరిక పంపినా, అది దారిలోనే ఆగిపోయింది.