బ్యాటరీ ఎందుకు దిగిపోతుంది?

నాట్ల కాలం. తెల్లారేసరికి ట్రాక్టరు పొలంలో ఉండాలి. దమ్ము చేయాలి. కూలీలు వచ్చి గట్టు మీద కూర్చున్నారు. డ్రైవరు తాళం తిప్పాడు. సెల్ఫు “టిక్” అంది. ఊరుకుంది. మళ్లీ తిప్పాడు. మళ్లీ అంతే.

“బ్యాటరీ పోయిందయ్యా! కొత్తది తేవాల్సిందే” అన్నాడు డ్రైవరు.

రైతు అప్పు చేసి కొత్త బ్యాటరీ తెచ్చాడు. పది రోజులు బండి బాగానే నడిచింది. పదకొండో రోజు మళ్లీ “టిక్”!

ఇలాంటి కష్టం ఎంతోమంది రైతులకు వస్తుంది. చాలాసార్లు చెడిపోయేది బ్యాటరీ కాదు. బ్యాటరీని నింపే దారిలో ఎక్కడో తేడా ఉంటుంది. రోగం ఒకటైతే మందు మరొకటి వేసినట్టు, బ్యాటరీ మారుస్తారు. డబ్బు పోతుంది. రోగం మాత్రం అలాగే ఉంటుంది.

గాదె లాంటిది బ్యాటరీ

బ్యాటరీ గాదె లాంటిది. గాదెలో పోసిన ధాన్యమే మనం తీసుకుంటాం. రోజూ తీస్తూ, మళ్లీ పోయకపోతే గాదె ఖాళీ అవుతుంది. బ్యాటరీ కూడా అంతే. బండి స్టార్టు చేసేటప్పుడు సెల్ఫు ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది. ఆ లోటును మళ్లీ నింపాలి.

నింపే పని ఆల్టర్నేటరుది. పాత బండ్లలో ఈ పని డైనమో చేసేది. అందుకే చాలామంది ఆల్టర్నేటరును కూడా డైనమో అనే పిలుస్తారు. ఇంజను నడిస్తే ఫ్యాన్ బెల్టు తిరుగుతుంది. బెల్టు ఆల్టర్నేటరును తిప్పుతుంది. అప్పుడు కరెంటు పుడుతుంది. అది వైర్ల గుండా బ్యాటరీకి చేరుతుంది. ఎక్కువ తక్కువలు కాకుండా చూసేది రెగ్యులేటరు. దీన్ని కొందరు మెకానిక్కులు కటౌటు అంటారు.

బెల్టు, ఆల్టర్నేటరు, రెగ్యులేటరు, వైర్లు, బ్యాటరీ - ఈ అయిదూ గొలుసు లాంటివి. ఒక్క కొక్కెం ఊడినా గొలుసు పనిచేయదు. పాత జీపులో అయినా, అంబాసిడర్ కారులో అయినా పద్ధతి ఇదే.

ముందు జాగ్రత్త

బ్యాటరీలో ఉండేది ఆమ్లం. చర్మం మీద పడితే కాలుతుంది. పడితే వెంటనే ఎక్కువ నీళ్లతో కడగాలి. కంట్లో పడితే చాలాసేపు నీళ్లతో కడిగి, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

ఛార్జి అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి మండే వాయువు వస్తుంది. కాబట్టి దాని దగ్గర బీడీ కాల్చకూడదు. అగ్గిపుల్ల వెలిగించి నీళ్లు చూడకూడదు. బెల్టును ముట్టుకునే ముందు ఇంజను ఆపాలి. తిరిగే బెల్టు దగ్గరకు కండువాతో, వదులు లుంగీతో వెళ్లకూడదు. చేతికి కడియం, ఉంగరం ఉంటే తీసి పక్కన పెట్టాలి.

పైసా ఖర్చు లేని పరీక్షలు

1. ఎర్రదీపం: తాళం ఆన్ చేయగానే మీటర్ల దగ్గర బ్యాటరీ గుర్తు ఉన్న ఎర్రదీపం వెలగాలి. ఇంజను స్టార్టయ్యాక ఆరిపోవాలి. ఆరకపోతే ఛార్జి కావడం లేదని అర్థం. అసలు వెలగకపోతే బల్బు మాడిపోయి ఉండవచ్చు. “దీపమే కదా, పోతే పోయింది” అనుకోకూడదు. చాలా బండ్లలో ఆ దీపం గుండా వెళ్లే కొద్ది కరెంటుతోనే ఆల్టర్నేటరు పని మొదలుపెడుతుంది. చిన్న బల్బు పోతే ఛార్జింగే ఆగిపోవచ్చు.

2. ఫ్యాన్ బెల్టు: ఇంజను ఆపి, రెండు చక్రాల నడుమ బెల్టును బొటనవేలితో నొక్కి చూడాలి. సుమారు అర అంగుళం లోపలికి పోతే సరిపోతుంది. అంతకన్నా ఎక్కువ పోతే వదులైనట్టు. వదులు బెల్టు జారుతుంది. ఆల్టర్నేటరు సరిగా తిరగదు. బెల్టు మరీ బిగువైతే బేరింగులు అరిగిపోతాయి. బెల్టు నున్నగా మెరుస్తున్నా, పగుళ్లు కనిపించినా మార్చాలి.

3. బ్యాటరీ కొనలు: ప్లస్, మైనస్ కొనల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటుంది. ఆ పొడి కరెంటును అడ్డుకుంటుంది. వైర్లు విప్పేటప్పుడు ముందు మైనస్ విప్పాలి. బిగించేటప్పుడు మైనస్ చివర బిగించాలి. మైనస్ వైరు బండి ఇనుముకు కలిసి ఉండే బండ్లకు ఇది వర్తిస్తుంది. ఇప్పటి బండ్లన్నీ దాదాపు ఇలాంటివే. వంటసోడా కలిపిన నీళ్లతో పొడిని కడగాలి. ఆ నీళ్లు బ్యాటరీ లోపలికి పోకూడదు. తుడిచి, గట్టిగా బిగించి, పైన కొంచెం వ్యాజిలైను రాయాలి.

4. ఎర్త్ వైరు: మైనస్ నుంచి బండి ఇనుముకు వెళ్లే లావుపాటి వైరు ఇది. దాని బోల్టు కింద తుప్పు ఉంటే కరెంటు సరిగా పారదు. విప్పి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ బిగించాలి.

5. నీళ్లు: మూతలు ఉన్న బ్యాటరీలో పలకలు నీటిలో మునిగి ఉండాలి. తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. బావి నీళ్లు, బోరు నీళ్లు పోయకూడదు. ఆమ్లం అసలే పోయకూడదు. గీత దాటి నింపకూడదు.

మీటరు చెప్పే మాట

పై అయిదూ సరిగానే ఉన్నాయి. అయినా బ్యాటరీ దిగిపోతోంది. అప్పుడు మెకానిక్ దగ్గర ఉండే మల్టీమీటరుతో వోల్టులు చూడాలి. అంకెలు చదవగలిగితే చాలు, ఎవరైనా చూసుకోవచ్చు. డి.సి. 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర పుల్ల ప్లస్‌కు, నల్ల పుల్ల మైనస్‌కు ఆనించాలి.

ముందు బండి ఆపి, కొన్ని గంటలు వదిలేసి చూడాలి. 12.6 వోల్టులు చూపితే బ్యాటరీ నిండుగా ఉంది. 12.2 అయితే దాదాపు సగం. 12 కన్నా తక్కువైతే గాదె అడుగంటింది.

తరువాత ఇంజను స్టార్టు చేసి, కొంచెం రేసు ఇచ్చి చూడాలి. 13.8 నుంచి 14.5 దాకా చూపితే ఛార్జింగు బాగానే ఉంది. అంకె పెరగకుండా 12 దగ్గరే ఉంటే ఛార్జి కావడం లేదు. ఆల్టర్నేటరు గానీ, రెగ్యులేటరు గానీ, వైరు గానీ చూపించాలి. 15 దాటితే రెగ్యులేటరు చెడి ఉండవచ్చు. అప్పుడు బ్యాటరీలో నీళ్లు త్వరగా ఆరిపోతాయి. బల్బులు మాటిమాటికి మాడిపోతాయి.

ఛార్జింగు బాగానే ఉండి, రాత్రి నిండుగా ఉన్న బ్యాటరీ పొద్దునకు దిగిపోతే? దొంగ దారి వెతకాలి. దీపం ఆర్పడం మరిచిపోయారేమో చూడాలి. పాటల పెట్టె వైరు నేరుగా బ్యాటరీకి కలిపారేమో చూడాలి. ఎలుక కొరికిన వైరు ఇనుముకు తగులుతోందేమో చూడాలి. ఇవేవీ లేకపోతే బ్యాటరీయే ముసలిదైంది. దుకాణంలో లోడు పరీక్ష చేయిస్తే ఆ సంగతి తేలుతుంది. కొత్తది కొనవలసింది అప్పుడే.

చేయకూడని పనులు

ఛార్జి అవుతోందో లేదో తెలుసుకోవడానికి కొందరు ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకుతారు. డైనమో ఉన్న పాత రోజుల అలవాటు ఇది. అప్పుడు కూడా మంచిది కాదు. ఆల్టర్నేటరు లోపల డయోడులనే సున్నితమైన భాగాలు ఉంటాయి. వైరు పీకితే అవి ఒక్క క్షణంలో మాడిపోవచ్చు. వైరును ఇనుముకు తాకించి నిప్పురవ్వలు చూడడం కూడా అంతే ప్రమాదం.

ఇంకొందరు బాగు చేయించకుండా రోజూ ట్రాక్టరును ఏటవాలు చోట ఆపుతారు. పొద్దున దొర్లించి స్టార్టు చేస్తారు. ఒక్కరోజు బ్రేకు పట్టకపోతే? ముందు పిల్లలు ఆడుకుంటూ ఉంటే? వదులు బెల్టు బిగించుకోవడానికి అరగంట కూడా పట్టదు. పోయిన ప్రాణం తిరిగి రాదు.

రాసి పెట్టుకోవాలి

ఒక చిన్న నోటుపుస్తకం బండిలో ఉంచుకోవాలి. బ్యాటరీ కొన్న తేదీ, నీళ్లు పోసిన తేదీ, మీటరు చూపిన వోల్టులు అందులో రాసుకోవాలి. వారం వారం అంకె తగ్గుతుంటే, బండి ఆగిపోకముందే సంగతి తెలుస్తుంది. బ్యాటరీ బిల్లు, గ్యారంటీ కార్డు భద్రంగా దాచుకోవాలి. కార్డు మీద తేదీ, దుకాణం ముద్ర ఉన్నాయో లేదో కొన్నప్పుడే చదివి చూసుకోవాలి.

ఆ రైతు రెండోసారి బ్యాటరీ కొనలేదు. బెల్టు నొక్కి చూశాడు. అది అంగుళానికి పైగా లోపలికి పోయింది. బోల్టు వదులు చేసి, ఆల్టర్నేటరును వెనక్కి లాగి, మళ్లీ బిగించాడు. దిగిన బ్యాటరీని దుకాణంలో ఛార్జి చేయించాడు. మర్నాడు తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. ఎర్రదీపం ఆరింది. ట్రాక్టరు పొలం దారి పట్టింది.