ఆపరేషన్‌కు ముందు ఆ పరీక్ష అందరికీ అవసరమా?

దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా మూత్రం పడిపోతోందన్న మాట ఇంట్లోవాళ్లకే చెప్పుకోలేని ఆడవాళ్లు ఎందరో. సంగం జాగర్లమూడి నుంచి అలాంటి ఒకామె ధైర్యం చేసి తెనాలికో గుంటూరుకో వెళ్లి, మూడు నెలలు కటి కండరాల వ్యాయామాలు చేసి, అయినా తగ్గక ఆపరేషన్‌కు సిద్ధపడితే, ముందు యూరోడైనమిక్ పరీక్ష చేయించుకోమనవచ్చు. మూత్రసంచిలోకి ఒక సన్నని గొట్టం, సాధారణంగా మలద్వారంలోకి మరొకటి పెట్టి, సెలైన్ మెల్లగా ఎక్కిస్తారు. మధ్యమధ్యలో దగ్గమంటారు. లోపలి ఒత్తిడి తెరమీద గీతలుగా పడుతుంది. చివర్లో గొట్టం ఉండగానే మూత్రం పోయమంటారు. నొప్పి కొద్దిపాటిదే, బిడియమే ఎక్కువ. కొందరికి తర్వాత మంట, ఇన్ఫెక్షన్ రావచ్చు. ఖర్చు, పోయిన కూలి అదనం.

ఇంత చేసినందుకు ఆపరేషన్ మెరుగ్గా ఫలిస్తుందా? అమెరికాలో 630 మంది మహిళలపై జరిపిన అధ్యయనం 2012లో వెలువడింది. సగం మందికి డాక్టరు మామూలుగా చూసి ఆపరేషన్ చేశారు, మిగతా సగానికి ఈ పరీక్ష కూడా జోడించారు. ఏడాది తర్వాత గుణం కనిపించినవారు పరీక్ష చేసినవారిలో 76.9 శాతం, చేయనివారిలో 77.2 శాతం. తేడా లేనట్టే.

పరీక్షలో కొత్త సంగతులు బయటపడవా అంటే, పడ్డాయి. కొందరి విషయంలో డాక్టర్లు రోగనిర్ధారణ కూడా మార్చుకున్నారు. అయినా ఫలితం మారలేదు. అమెరికా లెక్క మనకెలా పనికొస్తుందన్నదీ సబబైన ప్రశ్నే. ఆ అధ్యయనం దేశాన్ని బట్టి కాక లక్షణాలను బట్టి మనుషుల్ని ఎంచుకుంది: ప్రధానంగా దగ్గడం, బరువెత్తడం వల్లే మూత్రం పడాలి, డాక్టరు ఎదుట దగ్గినప్పుడు అది కనిపించాలి, మూత్రపరీక్షలో ఇన్ఫెక్షన్ ఉండకూడదు, పోసొచ్చాక సంచిలో 150 మిల్లీలీటర్ల లోపే మిగలాలి. ఇవన్నీ తెనాలిలోనైనా తేల్చగలిగినవే.

అలాగని ఈ పరీక్షే దండగ అనడం తొందరపాటు. ఇంతకుముందు ఇదే ఆపరేషన్ చేయించుకున్నవారికి, అర్జంటుగా వచ్చి ఆపుకోలేకపోవడమే ప్రధాన బాధగా ఉన్నవారికి, మూత్రం సాఫీగా రానివారికి, నరాల జబ్బులున్నవారికి అది దారి చూపగలదు. కాబట్టి డాక్టరుగారిని మొహమాటం లేకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటే: ‘ఈ రిపోర్టును బట్టి నాకు చేసే వైద్యం మారుతుందాండీ?’ మారుతుందంటే బిడియం పక్కనపెట్టి చేయించుకోవాలి. మారదంటే మానుకున్నా నష్టం లేదు.