స్పిరిటుతో తుడిస్తే పాట కరుగుతుంది

కర్నూలు, కడప: అటక మీది నుంచి దించిన గ్రామఫోన్ రికార్డును తువ్వాలుతో రుద్దడం, మురికి వదలకుంటే స్పిరిటు రాయడం ఎవరికైనా తోచే పనే. ఈ రెండూ ప్రమాదకరమే. పొడి గుడ్డతో రుద్దితే దుమ్ములోని ఇసుక రేణువులు గాడిని గీరుతాయి. స్పిరిటు రికార్డునే తినేస్తుంది.

నిమిషానికి 78 సార్లు తిరిగే పాత రికార్డులు ప్లాస్టిక్‌వి కావు. కుసుమ, మోదుగ వంటి చెట్లపై పురుగులు స్రవించే లక్కకు రాతిపొడి, మసి, నూలు పీచు చేర్చి వేడి అచ్చులో నొక్కినవి. కలకత్తా కర్మాగారంలో 1908 నుంచి తయారైనవి ఇవే. వడ్రంగులు పాలిష్ కోసం లక్కను స్పిరిటులో కరిగించడం అందరూ చూసినదే. రికార్డు మీదా జరిగేది అదే. తర్వాత వచ్చిన వినైల్ రికార్డులకు చెప్పిన చిట్కాలను వీటికి వాడడం వల్లనే నష్టం వాటిల్లుతోంది.

1885లో కీచకవధ ప్రదర్శనతో సురభి నాటకం పుట్టింది కడప జిల్లాలోనే. పద్యమంటే చెవి కోసుకునే ఈ సీమలో స్థానం నరసింహారావు, కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటుల గాత్రాన్ని ఊరూరికీ చేర్చింది రికార్డే. పది అంగుళాల రికార్డులో ఒక పక్కకు పట్టేది సుమారు మూడు నిమిషాలే. అందుకే నాటకాన్ని అనేక రికార్డుల సెట్టుగా విడుదల చేసేవారు. ఒక్కటి చెడినా కథలో ఆ ఘట్టం లోపిస్తుంది.

కడగడానికి బోరునీరు పనికిరాదు. అందులోని లవణాలు ఆరిన తర్వాత గాడిలో తెల్లగా పేరుకుంటాయి. ఇన్వర్టర్ బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ (ఆమ్లం కలిపినది కాదు) తీసుకుని, సువాసన, రంగు లేని సబ్బుద్రవం రెండు మూడు చుక్కలు కలపాలి. మెత్తని బ్రష్‌తో గాడి వెంబడే గుండ్రంగా తిప్పాలి, అడ్డంగా రుద్దరాదు. నడుమనున్న కాగితపు లేబుల్ తడవకూడదు. నానబెడితే లోపలి నూలు పీచు ఉబ్బుతుంది గనుక పని త్వరగా ముగించి, మంచినీటితో గాక మళ్లీ డిస్టిల్డ్ వాటర్‌తోనే కడిగి, నీడలో నిలువుగా ఆరబెట్టాలి. మే నెల ఎండలో పెడితే వంకర పోతుంది. పగుళ్లున్నవాటిని, అంచున లోహం మెరిసే అల్యూమినియం రికార్డులను ఇంట్లో కడగనే కూడదు.

కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంలో ఉన్నటువంటి తాళపత్రాలకు నిమ్మగడ్డి నూనె పూయడం మేలైన పాత పద్ధతి. అది చూసి రికార్డుకు నూనె రాయరాదు. నాలుగు రోజులు నిగనిగలాడినా, ఆపై దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పటి వంటి వరదల్లో మాత్రం తీరు వేరు. బురద ఎండేదాకా ఆగరాదు. ఎండితే గాడిలో గట్టిపడుతుంది. తడి కవరును మెల్లగా విడదీసి, తడి ఆరకముందే బురదను కడిగివేయాలి. ఆరిన రికార్డును ఉక్కు ముల్లున్న పాత పెట్టెలో వెంటనే వాయించకుండా, తగిన ముల్లు గల యంత్రంపై ముందుగా ఒక డిజిటల్ ప్రతి తీయించుకోవడం మంచిది.