శస్త్రచికిత్సానంతరం తొలి అడుగులు: విశ్రాంతి భావనపై పునరాలోచన

మన సినిమాల్లో శస్త్రచికిత్స జరిగిన పాత్ర సాధారణంగా మంచంపై నిశ్చలంగా పడుకొని ఉంటుంది. చుట్టూ బంధువులు, తలవైపు సెలైన్ సీసా. ఆ పాత్ర లేచి నడిచిందంటే కథలో చాలా రోజులు గడిచాయని అర్థం. ఇటువంటి దృశ్యాలకు పుట్టినిల్లయిన ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ ప్రాంతంలోనే 1988 నుంచి అపోలో ఆసుపత్రి పనిచేస్తోంది. నేటి శస్త్రవైద్యం చెప్పేది మాత్రం వెండితెర దృశ్యానికి విరుద్ధం: చాలా శస్త్రచికిత్సల తరువాత, వీలైతే అదే రోజు, లేకుంటే మరునాడు, రోగిని మంచం దింపాలి.

వెల్లకిలా పడుకున్నప్పుడు ఉదరావయవాలు డయాఫ్రమ్‌ను పైకి నెడతాయి. ఊపిరితిత్తుల అడుగుభాగం పూర్తిగా విచ్చుకోదు. కఫం నిలిచి న్యుమోనియాకు దారితీయవచ్చు. సిరల్లో రక్తం గడ్డకట్టడానికి విర్షో పేరిట మూడు కారణాలు చెబుతారు: ప్రవాహ మాంద్యం, రక్తనాళపు గోడ దెబ్బతినడం, రక్తానికి గడ్డకట్టే గుణం పెరగడం. చివరి రెండూ శస్త్రచికిత్సతోనే రావచ్చు. మొదటిదాన్ని మంచం జోడిస్తుంది. నడిచేటప్పుడు పిక్క కండరాలు సిరల్లోని రక్తాన్ని గుండెవైపు నెట్టి ఆ మాంద్యాన్ని తగ్గిస్తాయి. వృద్ధుల్లో కొద్దిరోజుల శయ్యావాసానికే కండబలం తగ్గిపోతుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. షికాగో వైద్యుడు ఎమిల్ రీస్ 1899లోనే దీనిని ప్రతిపాదించినా దశాబ్దాలపాటు ఆదరణ లభించలేదు. 1940లలో డెట్రాయిట్‌కు చెందిన లైటౌజర్ దానికి మళ్లీ ప్రాణం పోశారు. 1990లలో డెన్మార్క్ వైద్యుడు హెన్రిక్ కెలెట్ నడకను నొప్పి నివారణ, త్వరగా ఆహారం ఇవ్వడం, గొట్టాల వాడకం తగ్గించడం వంటి వాటితో కలిపి ఒకే ప్రణాళికగా రూపొందించారు. నా దృష్టిలో కీలకం ఈ కలయికే. నొప్పితో మెలితిరిగే రోగిని నడవమనడం చికిత్స అనిపించుకోదు. నడిస్తే పేగులు త్వరగా కదులుతాయన్న ప్రచారం కూడా శాస్త్రీయంగా రుజువైనది కాదు.

ఆచరణలో అసలు అడ్డంకి తరచుగా రోగి పక్కనే ఉంటుంది. “లేవకమ్మా, కుట్లు ఊడిపోతాయి” అనే మాటలో ప్రేమే ఉంది. హాని కూడా ఉంది. నిజానికి మెల్లగా నడిచినప్పటికంటే గట్టిగా దగ్గినప్పుడే పొత్తికడుపులో ఒత్తిడి ఎక్కువ. అందుకే దగ్గేటప్పుడు గాయంపై దిండు అదిమిపట్టుకోమంటారు. ముందు మంచం అంచున కాళ్లు వేలాడేసి కూర్చోబెట్టాలి. తల తిరగడం లేదని, రక్తపోటు నిలకడగా ఉందని చూసుకొని నిలబెట్టాలి. ఆ తరువాతే, ఒకరి చేయి ఆసరాగా, నాలుగడుగులు. రక్తస్రావం ఉన్నవారికి, రక్తపోటు కుదుటపడనివారికి, కాలిపై బరువు మోపరాదని ఎముకల వైద్యులు చెప్పినవారికి ఇది వర్తించదు.

ఈ కొండల చరిత్రలోనే వెండితెర రోగికి భిన్నమైన జీవితం ఒకటుంది. అక్కినేని నాగేశ్వరరావు 1974లో అమెరికాలో గుండె శస్త్రచికిత్స చేయించుకొని, 1976లో అన్నపూర్ణ స్టూడియోస్‌ను ప్రారంభించారు, తుదివరకు నటించారు. అదంతా నడక పుణ్యమేనని అనలేం. కానీ శస్త్రచికిత్స అంటే ఇక మంచమేనన్న ఊహకు ఆ జీవితం జవాబు. సహాయకులకు ఈ విషయాలన్నీ శస్త్రచికిత్సకు ముందురోజే చెప్పాలి. మత్తు దిగి, నొప్పి మొదలై, ఇంటిల్లిపాదీ కంగారుపడుతున్న వేళ చెబితే ఎవరి చెవికీ ఎక్కదు.