ఆడపిల్లకి ఓడిపోయే హక్కు లేదా?

మగపిల్లాడు ఆటలో ఓడి ఇంటికొస్తే ఏమంటాం? "పోన్లేరా, వచ్చేసారి చూసుకుందువులే" అంటాం. మంచినీళ్లిచ్చి, వేడిగా అన్నం పెడతాం. అదే ఆడపిల్ల ఓడి వస్తే? "ఇంక చాలమ్మా, పుస్తకం తియ్యి" అంటాం. అబ్బాయి ఓడినా ఆట ఆటే. అమ్మాయి గెలిస్తేనే అది ఆట! ఎవరూ రాసిపెట్టకపోయినా మన ఇళ్లల్లో నడుస్తున్న రూలు ఇది. 2025 అక్టోబరులో విశాఖపట్నంలో మన అమ్మాయిలు వరసగా ఓడిన రెండు వన్డే మ్యాచ్‌లు చూశాక ఈ రూలు గురించి రాయక తప్పదనిపించింది.

మన గుమ్మంలో ఓటములు

ఆ మ్యాచ్‌లు జరిగింది మధురవాడ దగ్గర స్టేడియంలో. విజయనగరం నుంచి విశాఖ వెళ్లే మనకి రోజూ కనిపించే దారే. మహిళల ప్రపంచకప్ మన గుమ్మంలోకి వచ్చిందన్న సంబరం అంతా ఇంతా కాదు.

అక్టోబరు 9న దక్షిణాఫ్రికాతో ఆట. 102 పరుగులకే మనవాళ్లు ఆరు వికెట్లు పోగొట్టుకుంటే, రిచా ఘోష్ 94 పరుగులు చేసి స్కోరుని 251కి చేర్చింది. అటువాళ్లు కూడా 81 పరుగులకే ఐదు వికెట్లు పోగొట్టుకున్నారు. ఇంకేముంది, గెలిచేశాం అనుకున్నాం. నదీన్ డిక్లెర్క్ వచ్చి 54 బంతుల్లో 84 పరుగులు బాదేసి, ఏడు బంతులు మిగిలుండగానే ఆట ముగించేసింది.

అక్టోబరు 12న ఆస్ట్రేలియాతో. స్మృతి మంధాన, ప్రతీకా రావల్ మొదటి వికెట్‌కే 155 పరుగులు పెట్టారు. అయినా చివరి ఆరు వికెట్లు 36 పరుగుల్లో రాలిపోయాయి. 330కి ఆలౌట్. ఇంకా ఏడు బంతులు ఆడకుండానే మిగిలిపోయాయి. అలిస్సా హీలీ 142 పరుగులు చేసింది. ఆస్ట్రేలియా 331 కొట్టి గెలిచింది. మహిళల వన్డేల్లో అప్పటికి అంత పెద్ద లక్ష్యాన్ని ఎవరూ అందుకోలేదు.

19న ఇండోర్‌లో ఇంగ్లండ్ చేతిలో నాలుగంటే నాలుగే పరుగుల తేడాతో మూడో ఓటమి.

"ఏటమ్మా, మళ్లీ ఓడిపోనారా? ఈ గుంటలకెందుకీ క్రికెట్టు!" అన్నారు మా ఎదురింటి మావయ్యగారు. ఆయన మంచివారే. కానీ 2023 నవంబరు 19న అహ్మదాబాద్‌లో మగవాళ్ల జట్టు ప్రపంచకప్ ఫైనల్ ఓడిన రాత్రి ఆయన అన్నం కూడా తినలేదు. ఆ రోజు "మగపిల్లలకెందుకీ క్రికెట్టు" అని మన వీధుల్లో ఎవరైనా అన్నారా?

దుప్పటి చాలలేదు

ఇంతకీ ఎక్కడ దెబ్బతిన్నారు? విశాఖ మ్యాచ్‌లు రెండింటిలోనూ మన జట్టు ఐదుగురు బౌలర్లతోనే దిగింది. వన్డేలో ఒక్కొక్కరు పది ఓవర్లకి మించి వెయ్యకూడదు. ఐదుగురే ఉన్నప్పుడు ఒకరి బంతుల్ని చితకబాదుతున్నా, మళ్లీ వాళ్లకే బంతి ఇవ్వాలి. ఇంగ్లండ్ మ్యాచ్‌కి బౌలింగ్ గట్టి చేద్దామని రేణుకా సింగ్‌ని తీసుకుని, జెమీమా రోడ్రిగ్స్‌ని పక్కన పెట్టారు. ఈసారి బ్యాటింగ్‌లో ఒకరు తగ్గారు. దుప్పటి తలకి లాగితే కాళ్లకి చాలనట్టయింది! ఇది ఏ జట్టుకైనా వచ్చే చిక్కే. ఆడవాళ్లు కాబట్టి వచ్చింది కాదు.

ఓటమి వాళ్లకి కొత్త కూడా కాదు. 1978లో మొదటిసారి ప్రపంచకప్ మన దేశంలోనే ఆడి, మూడు మ్యాచ్‌లూ ఓడారు. 2005లో ఫైనల్ దాకా వెళ్లి ఆస్ట్రేలియా చేతిలో 98 పరుగుల తేడాతో ఓడారు. 2017లో లార్డ్స్ ఫైనల్లో మూడు వికెట్లకి 191 పరుగులు చేసి కూడా, 219కే ఆలౌటై తొమ్మిది పరుగుల తేడాతో ఓడారు. 2005లో తమకి మ్యాచ్‌కి వెయ్యి రూపాయలే ముట్టిందని మన హైదరాబాద్‌లో పెరిగిన మిథాలీ రాజ్ చెప్పారు. మగవాళ్లతో సమానంగా మ్యాచ్ ఫీజు ప్రకటించింది 2022లో. అన్నేళ్లూ చాలీచాలని డబ్బుతో, ఓడుతూనే ఆడారు. ఆడుతూనే నేర్చుకున్నారు.

మూడు ఓడాక కూడా...

ఇండోర్‌లో పక్కన కూచోబెట్టిన జెమీమా ఏం చేసిందో చూడండి! అక్టోబరు 30న సెమీఫైనల్లో ఆస్ట్రేలియా 338 కొడితే, అవుట్ కాకుండా 127 పరుగులు చేసి జట్టుని గెలిపించింది. పద్దెనిమిది రోజుల ముందు విశాఖలో ఆస్ట్రేలియా మన మీద పెట్టిన రికార్డుని మనవాళ్లు వాళ్ల మీదే బద్దలు కొట్టారు. నవంబరు 2న ఫైనల్. విశాఖలో ఓడించిన దక్షిణాఫ్రికాయే ఎదురుగా! ఈసారి 52 పరుగులతో కప్పు మనది. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఆ ప్రపంచకప్‌లో 14 వికెట్లు తీసింది. మర్నాడు మావయ్యగారు వీధంతా మిఠాయి పంచారు. "మన గుంటలు!" అన్నారు.

సంతోషమే. కానీ మూడో ఓటమి తర్వాత "ఇంక చాలు, ఇంటికి రండి" అని ఎవరైనా వెనక్కి పిలిచేసి ఉంటే ఆ మిఠాయి ఎక్కడిది?

మా వీధి అమ్మాయి సంగతి

మా వీధిలో పదమూడేళ్ల పిల్ల ఉంది. ఎడమచేత్తో బంతి చక్కగా తిప్పుతుంది. స్కూలు మ్యాచ్‌లో ఆ పిల్ల వేసిన ఓవర్లలో పరుగులు బాగా పోయి, జట్టు ఓడింది. వాళ్లమ్మ నా దగ్గరకొచ్చి, "అప్పా, మానిపించీమంతన్నారు. మానిపించీనా?" అంది. "వాళ్లన్నయ్య పోయిన్నెలలో ఎన్ని మ్యాచ్‌లు ఓడాడే?" అని అడిగాను. ఆమె వేళ్లు లెక్కపెట్టి నవ్వేసింది. ఆ పిల్ల ఇంకా ఆడుతోంది. పెద్ద క్రీడాకారిణి అవుతుందో లేదో ఎవరు చెప్పగలరు? కాకపోతేనేం, ఓడిన మర్నాడు మళ్లీ గ్రౌండ్‌కి వెళ్లడం నేర్చుకుంది. రేపు ఉద్యోగంలోనైనా, కాపురంలోనైనా ఆ ధైర్యం అక్కరకొస్తుంది.

ఆటలు మనకి కొత్తా? 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టుకి కెప్టెన్ మన విజయనగరం రాజవంశీకుడు విజ్జీ. రాజులకి తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి, అది వేరే సంగతి. మామూలు ఇంట్లో పుట్టిన మన ఆమదాలవలస కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం తెచ్చి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ అయింది. మన రాష్ట్రం అమ్మాయి రావి కల్పన వికెట్ కీపర్‌గా దేశానికి ఆడింది. ఇప్పుడు విశాఖ స్టేడియంలో మిథాలీ పేరూ ఉంది, కల్పన పేరూ ఉంది.

కాబట్టి తల్లులారా, మనం చెయ్యగలిగిన పనులు చిన్నవే. స్కూలు గ్రౌండ్‌లో ఆడపిల్లలకి వారానికి రెండు సాయంత్రాలైనా ఇమ్మని నలుగురం కలిసి అడుగుదాం. జిల్లా క్రికెట్ సంఘంలో బాలికల ఎంపికలు ఎప్పుడో కనుక్కుందాం. ఒక్కదాన్నే పంపాలంటే భయమైతే, ఇద్దరు ముగ్గురు పిల్లల్ని జతచేసి పంపుదాం. మీ అమ్మాయి ఓడి వచ్చిన రోజు "స్కోరెంత?" అని కాకుండా, "మళ్లీ ఆట ఎప్పుడమ్మా?" అని అడిగి చూడండి.