చలిలో టైరు పట్టు ఏల సడలును?

బెల్జియం దేశమున ఆర్డెన్ కొండల నడుమ స్పా అను పేరుగల కార్ల పందెపు బాట ఉన్నది. 2023 ఏప్రిల్ చివరి దినములలో అచ్చట ప్రపంచ దీర్ఘకాల కార్ల పందెము జరిగినది. టైర్లను ముందుగా వేడిచేసి కారుకు తగిలించు అలవాటును ఆ సంవత్సరము నిషేధించియుండిరి. చల్లని టైర్లతో బాటపైకి వచ్చిన కొన్ని కార్లు, చేయి తిరిగిన చోదకులు నడుపుచున్నను, అదుపుతప్పి అడ్డుగోడలను గుద్దుకొనినవి. తరువాత జూన్ నెలలో ఫ్రాన్సునందలి ల మాన్ పందెమునకు టైర్లను వేడిచేయుటకు తిరిగి అనుమతి ఇచ్చిరి. చలికిని రబ్బరు పట్టునకును గల సంబంధమేమి?

ఎంత పెద్ద ఇంజనుగల కారైనను రోడ్డును తాకునది నాలుగు చిన్న భాగములతోనే. ఒక్కొక్కటి ఇంచుమించు అరచేయి అంత ఉండును. కారు కదలుటకు, మలుపు తిరుగుటకు, ఆగుటకు కావలసిన బలమంతయు అచ్చటి ఘర్షణ వలననే లభించును. ఈ ఘర్షణ రెండు విధములుగా కలుగును. రబ్బరు అణువులు రోడ్డులోని రాతి పలుకులకు క్షణకాలము అంటుకొనుట మొదటిది. మెత్తని రబ్బరు ఆ పలుకుల ఎగుడుదిగుడులలోనికి దిగి, వాటి ఆకారమునకు ఒదిగి, జారనీయక పట్టుకొనుట రెండవది. రెండింటికిని రబ్బరు మెత్తగా ఉండవలెను.

రబ్బరు అణువులు పొడవైన గొలుసులవంటివి. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకముతో రబ్బరును వేడిచేసి గట్టిపరచు మార్గమును కనుగొనెను. గంధకము ఈ గొలుసులను అక్కడక్కడ ముడివేయును. ముడుల నడుమ గొలుసులు కదలుచుండుటచేతనే రబ్బరు సాగును, వంగును. ఉష్ణోగ్రత తగ్గినకొలదీ ఈ కదలిక మందగించును. మిక్కిలి చలిలో రబ్బరు గాజువలె పెళుసెక్కును.

5 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద టైరు చేతికి గాజువలె తోచదు గదా, మరి పట్టు ఎట్లు తగ్గును? ఇందులో వేగమునకు పాత్ర కలదు. కారు పరుగెత్తునప్పుడు రబ్బరు ఒక్కొక్క రాతి పలుకును సెకనులో అత్యల్ప భాగము మాత్రమే తాకును. అంత స్వల్పకాలములో గొలుసులు కదలి ఒదుగుటకు వ్యవధి చాలదు. కావున వేగముగా నొక్కబడు రబ్బరు తన వాస్తవ ఉష్ణోగ్రతకంటె చల్లనిదానివలె ప్రవర్తించును. చలియు వేగమును కూడినచో నష్టము రెట్టించును.

రబ్బరుపై చలి ప్రభావము 1986లో లోకమునకు విషాదకరముగా తెలిసినది. ఆ సంవత్సరము జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష నౌక కూలి ఏడుగురు మరణించిరి. రాకెట్టు అతుకులలోని రబ్బరు వలయములు చలిలో చురుకుగా సాగి సందును మూయలేకపోవుట అందుకు కారణము. విచారణ సంఘ సభ్యుడైన రిచర్డ్ ఫైన్‌మన్ అట్టి రబ్బరు ముక్కను బిగించి మంచునీటిలో ముంచి, బిగింపు తీయగానే అది పూర్వాకారమునకు రాకుండుటను అందరికి చూపెను.

వేగపు కార్లకు అమర్చు వేసవి టైర్ల రబ్బరు వెచ్చని రోడ్డుకై తయారైనది. ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీలకు తగ్గినప్పటినుండి వాటిని వాడరాదని తయారీదారులు సామాన్యముగా సలహా ఇత్తురు. పైగా ఇట్టి కార్లు పెక్కింటిలో ఇంజను శక్తి వెనుక చక్రములకే చేరును. మలుపులో తొందరపడి వేగము పెంచినచో వెనుక టైర్ల పట్టు తప్పి కారు గిరగిర తిరుగును.

నష్టమెంతో లెక్కించి చూడవచ్చును. గంటకు 72 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 20 మీటర్లు. ఘర్షణ గుణకము 0.8 అయినచో బ్రేకు వేసిన కారు సుమారు 25.5 మీటర్లలో ఆగును. గుణకము 0.4కు తగ్గెననుకొన్నచో 51 మీటర్లు కావలెను. 50 మీటర్ల వ్యాసార్ధముగల మలుపులో మొదటి కారు గంటకు సుమారు 71 కిలోమీటర్ల వరకు జారక పోగలదు. రెండవది 50 కిలోమీటర్లు దాటినచో జారును.

చలి టైరులోని గాలినికూడ విడువదు. 30 డిగ్రీల వద్ద టైరు మాపకము 2.2 వాతావరణ పీడనములు చూపుచున్నదనుకొందము. బయటి గాలి పీడనమును కలిపినచో లోపలి పీడనము 3.2. ఉష్ణోగ్రత 3 డిగ్రీలకు దిగినప్పుడు వాయు నియమము ప్రకారము ఇది సుమారు 2.9 అగును. మాపకము 1.9 మాత్రమే చూపును.

చలిదేశములలో దీనికి విరుగుడుగా శీతకాలపు టైర్లు వాడుదురు. వాటి రబ్బరు చలిలోను మెత్తగా ఉండునట్లు తయారగును. పైభాగమున సన్నని చీలికలు మంచును పట్టుకొనును. జర్మనీలో మంచు పేరుకొన్న రోడ్లపై ఇట్టి టైర్లు లేక కారు నడుపుట చట్టవిరుద్ధము. ఆ దేశములకు చదువుకో ఉద్యోగమునకో వెళ్లు తెలుగు యువకులు ఈ సంగతి ముందే ఎరిగియుండుట మేలు. నాలుగు చక్రములకును శక్తినిచ్చు కారు సులభముగా బయలుదేరును గాని, ఆగునప్పుడు దానికిని టైరు పట్టే ఆధారము. చల్లని ఉదయమున కారు తీసినవారు గాలి పీడనమును సరిచూచి, కొన్ని కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, ముందరి బండికి ఎక్కువ ఎడము విడువవలెను. టైరు వంగుచు తిరుగుటవలన రబ్బరు క్రమముగా వేడెక్కి కొంత పట్టు తిరిగి చేకూరును.